మాట చివరి ఉకారం

రామతులసి ఇంగ్లీషు టీచరు. కొవ్వూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఆరు నుంచి పదో తరగతి దాకా పాఠాలు చెబుతోంది. పాసివ్ వాయిస్ అంటే రామతులసి మేడమే చెప్పాలని ఊళ్లో పేరు. ఆవిడ దగ్గర చదివిన పిల్లలు బెంగుళూరులోనూ చెన్నైలోనూ ఉద్యోగాలు చేస్తున్నారు. అయితే ఆవిడ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. తెలుగు రాని మనిషితో ఇంగ్లీషులో మాట్లాడవలసిన అవసరం ఆవిడకు నలభై ఆరేళ్ల జీవితంలో ఒక్కసారి కూడా రాలేదు.

ఆ అవసరం పట్టిసీమ రేవులో వచ్చింది. కార్తీక మాసంలో స్కూలు టీచర్లంతా కలిసి వీరభద్రస్వామి దర్శనానికి వెళ్లారు. గుడి ఏటి మధ్యలో ఉంటుంది కాబట్టి పడవ కోసం రేవులో నిలబడ్డారు. అక్కడికి ఒక తెల్లాయన, ఆయన భార్య వచ్చి వీళ్లను ఏదో అడిగారు. అందరూ ఒక్కసారిగా రామతులసిని ముందుకు తోశారు. మా మేడం ఇంగ్లీషు టీచరండి అని తెలుగులోనే ఆయనకు పరిచయం కూడా చేశారు.

ఆయన అడిగినదాంట్లో ఆవిడకు రెండు మాటలు అందాయి, మిగతావి జారిపోయాయి. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "బోట్ ఈజ్ కమింగ్ సార్," అంది. ఆయన చాలా సంతోషం అన్నట్టు తల ఊపాడు. పడవ వచ్చింది, అందరూ ఎక్కారు, వాళ్లిద్దరూ ఎక్కారు. తోటి టీచర్లు భలే మాట్లాడారండి అని మెచ్చుకున్నారు.

రామతులసికి సిగ్గేమీ వేయలేదు. ఆవిడ స్వభావం అది కాదు. పడవ అంచున కూర్చుని ఆవిడ ఆలోచించింది వేరే. ఆయన అడిగిందేమిటి? తనకు అర్థం కానిది ఆయన యాసా, తన చెవా? ఇంకోసారి చెప్పండి అని అడిగి ఉంటే ఏమయ్యేది? ఇన్నేళ్లుగా తను పిల్లలకు ఇస్తున్న ఈ భాష, తెలుగు లేని చోట పెడితే నడుస్తుందా నడవదా? తెలుసుకోవాలనిపించింది. అనిపించాక ఆవిడను ఆపడం కష్టం.

ఇంటికి వెళ్లి కూతురు దుర్గాసాయిని కూర్చోబెట్టుకుంది. ఆ అమ్మాయి రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. ఇద్దరూ కలిసి ఫోన్లో వెతికితే, విదేశాల్లో ఉచితంగా ఇంగ్లీషు చెప్పే పనులు బోలెడు కనిపించాయి. చాలావాటికి పాతికేళ్ల లోపు వాళ్లు కావాలి, లేదా పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కావాలి. ఒక్క సంస్థ మాత్రం, కంబోడియాలో పల్లె బడులకు ఆసియా దేశాల నుంచి అనుభవం ఉన్న టీచర్లు కావాలని రాసింది. ఆరు నెలలు. రానూపోనూ విమానం, ఉండటానికి ఇల్లు, భోజనం వాళ్లదే. జీతం ఉండదు.

ఆవిడ భర్త అప్పాజీ వరి, అరటి వేసే రైతు. సంగతి అంతా విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఇక్కడ పిల్లలు లేరా ఏంటి?"

"ఉన్నారండి. వీళ్లకి నేను తెలుగులో ఇంగ్లీషు చెప్తున్నాను. అక్కడ తెలుగు ఉండదు కదా. ఎలా చెప్తానో చూడాలనుంది."

ఆ జవాబు అప్పాజీకి అర్థమైందో లేదో గాని, దరఖాస్తు చేసుకోవద్దని మాత్రం అనలేదు. ఎలాగూ రాదులే అనుకున్నాడని తర్వాత కూతురితో చెప్పాడట.

వీడియోలో ఇంటర్వ్యూ చేసింది బొఫా అనే ఆవిడ. ముప్ఫై దాటిన మనిషి, కంబోడియా ఆవిడే, ఆ సంస్థలో బడుల పర్యవేక్షణ చూస్తుంది. రామతులసి వారం రోజులుగా అద్దం ముందు యాస మార్చి మాట్లాడటం సాధన చేసింది. ఇంటర్వ్యూలో రెండు వాక్యాలు అలా మాట్లాడగానే బొఫా, మీరు మామూలుగా మాట్లాడితే నాకు ఇంకా బాగా అర్థమవుతుందేమో అంది మెల్లగా. రామతులసి నవ్వేసి తన క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడింది. గంట గడిచింది. తర్వాత చూసుకుంటే ఎక్కడా తడుముకోలేదు. ఎదుటి మనిషికీ ఇంగ్లీషు నేర్చుకున్న భాషే కాబట్టి ఇద్దరూ ఆచితూచి మాట్లాడారు, అర్థం కానప్పుడు మొహమాటం లేకుండా అడిగారు. ఇలా కూడా ఉంటుందా అని ఆవిడకు ఆశ్చర్యం వేసింది.

ఉద్యోగం ఖాయమైంది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్ ఐజాక్, కాఫీ తాగుతూ ఏ దేశమండి అని అడిగాడు. కంబోడియా అనగానే గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, మీరు ఏమీ అనుకోకండి. ఆ దేశంలో ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లని తీసుకెళ్లి, గదుల్లో పెట్టి, కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి సైబర్ మోసాలు చేయించారండి. పేపర్లో చూసే ఉంటారు. పైగా మీరు జీతం కూడా లేదంటున్నారు. ఆ ఆఫీసు ఏంటో, మనుషులెవరో కళ్లతో చూసి గాని కదలకండి."

ఆయన మంచికే చెప్పాడు. అప్పాజీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. జీతం లేదని విన్న చుట్టాలు అప్పటికే నమ్మలేదు, ఇప్పుడు భయపడ్డారు. రామతులసి బొఫాకు ఉన్నదున్నట్టు రాసింది. నొచ్చుకుంటుందేమో అనుకుంది. బొఫా మాత్రం, మీవాళ్ల భయం న్యాయమే, మా హెడ్మాస్టరు మీకు బడి చూపిస్తాడు, మీ ఇంట్లో వాళ్లందరూ చూడండి అని జవాబిచ్చింది.

ఆదివారం పొద్దున్న ఇంట్లో అందరూ ఫోను చుట్టూ చేరారు. ఐజాక్ కూడా వచ్చాడు. అటువైపు హెడ్మాస్టరు సొఖా, యాభై ఏళ్ల బక్కపలచటి మనిషి, ఫోను చేత్తో పట్టుకుని నడుస్తూ బడి గదులు చూపించాడు, జెండా స్తంభం చూపించాడు, నీళ్ల పంపు చూపించాడు. ఆయన తన భాషలో చెబుతుంటే బొఫా ఇంగ్లీషులో చెప్పింది, రామతులసి తెలుగులో చెప్పింది. బడి వెనక పొలం కనబడగానే అప్పాజీ ముందుకు జరిగాడు. కోసిన చేను. వరి పనలు వరసగా పరిచి ఉన్నాయి. గట్ల మీద తాటిచెట్లు.

ఆ పనలు ఎన్నాళ్లు ఆరబెడతారో అడుగు అన్నాడు అప్పాజీ. మూడు రోజులని సమాధానం వచ్చింది. ఇక్కడా అంతేనని చెప్పమన్నాడు. రెండో పంట వేస్తారా, నీళ్లు ఎక్కడివి, ఎలకలు పడతాయా అని అడుగుతూ పోయాడు. సొఖా సగం రైతే. బడి సంగతి వదిలేసి గట్టు దిగి మట్టి చేతిలోకి తీసుకుని చూపించాడు. ఇద్దరి మధ్యా రెండు భాషలు మోస్తూ ఆడవాళ్లిద్దరికీ నోళ్లు నొప్పిపుట్టాయి. ఫోను పెట్టేశాక అప్పాజీ ఐజాక్ వైపు చూశాడు. ఎరువు గురించి అంత తెలిసినవాడు దొంగ కాడులెండి అన్నాడు ఐజాక్.

ఇంక తయారీ. పదో తరగతి పరీక్షల ముందు సెలవేంటమ్మా అని స్కూలు కరస్పాండెంటు గారు విసుక్కున్నారు. రామతులసి తన పాఠాలన్నీ ఇంకో టీచరుకు అప్పగించి, పరీక్ష భాగం డిసెంబరులోపే పూర్తి చేసి చూపించాక సంతకం పెట్టారు. అక్కడ ఇంటి నుంచి బడికి సైకిలు మీద వెళ్లాలని బొఫా చెప్పింది. రామతులసి సైకిలు తొక్కి ముప్ఫై ఏళ్లు. రోజూ తెల్లవారి ఏటిగట్టు మీద కూతురి పాత సైకిలుతో సాధన మొదలుపెట్టింది. వెనక అప్పాజీ పరిగెత్తేవాడు. వాకింగుకు వచ్చినవాళ్లు మొదటి రెండు రోజులు ఆగి చూశారు, తర్వాత అలవాటుపడ్డారు.

స్కూల్లో తెలుగు పండితుడు శశిభూషణ్ గారు మాత్రం ఆవిడ కంటే ఉత్సాహంగా ఉన్నాడు. ఆయనకు పంచాంగం పిచ్చి. ఆ దేశంలో తిథులు ఎలా లెక్కపెడతారో కనుక్కోమని, అక్షరాలు మనవాటికి దగ్గరగా ఉంటాయని విన్నానని, ఫోటోలు పంపమని మరీ మరీ చెప్పాడు. మెసేజీలు పెడుతూ ఉంటానండి, విసుక్కోకండి అన్నాడు. జనవరి మొదటి వారంలో రామతులసి విమానం ఎక్కింది.

ఊరు మెకాంగ్ నది ఒడ్డున ఉంది. కంపాంగ్ చామ్ అనే పట్టణం నుంచి గంట ప్రయాణం. నదిని చూసి ఆవిడ, కొవ్వూరు వైపు నుంచి గోదావరిని చూస్తే ఎంత వెడల్పో ఇంచుమించు అంతే అనుకుంది. ఇళ్లు ఎత్తైన చెక్క స్తంభాల మీద ఉన్నాయి. వరదలప్పుడు కింద నీళ్లు, మిగతా రోజుల్లో కింద ఊయల, కోళ్లు, మగ్గం. సొఖా తల్లి ఇంట్లో ఆవిడకు బస. ఆ ముసలావిడను ఊరంతా యేయ్ అంటుంది. అంటే అవ్వ. యేయ్‌కి ఇంగ్లీషు రాదు, రామతులసికి ఖ్మేర్ రాదు. మొదటి రోజు భోజనంలో ఆకుకూర వేపుడు పెడితే చూసి గుర్తుపట్టింది. మన కాలవల్లో పెరిగే తూటికూర. ఇంటి దగ్గర దాన్ని గేదెలకు వేస్తారు. ఇక్కడ వెల్లుల్లి వేసి చేస్తే ఆవిడ రెండోసారి అడిగి పెట్టించుకుంది.

బడిలో మొదటి రోజు పిల్లలు చేతులు జోడించి, "నేక్ క్రూ," అన్నారు. టీచరమ్మా అని. క్రూ అంటే గురువేనని సొఖా తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో చెప్పాడు. బడిని సాలా అంటారు. ఇది మన శాలే అనుకుంది ఆవిడ. ఆ సాయంత్రమే శశిభూషణ్ గారికి రాసింది.

అంతా ఇంత సులువుగా జరగలేదు. మొదటి రోజు పిల్లల తల్లులు కొందరు వచ్చి, ఆవిడను ఎగాదిగా చూసి, సొఖాతో ఏదో మాట్లాడి వెళ్లిపోయారు. ఏమన్నారని అడిగితే ఆయన నసిగాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. విదేశీ టీచరు వస్తుందన్నారు కదా, బరాంగ్ ఎక్కడ అని అడిగారట. బరాంగ్ అంటే తెల్లవాళ్లు. ఇంతకుముందు వచ్చినవాళ్లంతా తెల్లపిల్లలే. పాటలు పాడించి, బంతులు పంచి, మూడు వారాలకు వెళ్లిపోయేవాళ్లు. ఊరికి అది అలవాటు.

ఆవిడకు మనసులో కాస్త గుచ్చుకుంది. అయినా నోటివెంట వచ్చింది వేరే ప్రశ్న. బరాంగ్ అనే మాట ఎక్కడిది అని అడిగింది. మా వైపు కూడా వెనకటి వాళ్లు తెల్లవాళ్లను పరంగివాళ్లు అనేవారని చెప్పింది. సొఖా ఆ మాటను నాలుగైదుసార్లు అనుకుని చూసుకున్నాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు అలాంటి మాటలు వెతుక్కుంటూ కూర్చున్నారు. ముఖం అంటే ముక్. రూపం అంటే రూప్. బొఫా అంటే పువ్వు, మన పుష్పమే. సొఖా అంటే సుఖమే.

మర్నాడు ఆవిడ ఒక కోరిక కోరింది. ఇంగ్లీషు క్లాసులు లేనప్పుడు ఒకటో తరగతిలో కూర్చుని ఖ్మేర్ అక్షరాలు దిద్దుకుంటానంది. సొఖా నవ్వులాట అనుకున్నాడు. ఆవిడ వెళ్లి చిన్న బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. పలక పట్టుకుంది. టీచరు డిక్టేషను చెబితే పది అక్షరాల్లో నాలుగు తప్పులు రాసింది. పక్కన కూర్చున్న ఆరేళ్ల పిల్ల దిద్దిపెట్టింది. మూడు రోజుల్లో ఈ కబురు ఊరంతా పాకింది. తల్లులు కిటికీ దగ్గరకు వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. అందులో ఒకావిడ లోపలికి వచ్చి రామతులసి చేతిని పట్టుకుని అక్షరం తిప్పి చూపించింది. ఆ తర్వాత బరాంగ్ ఎక్కడ అని ఎవరూ అడగలేదు. సంతలో కూరగాయల మనిషి కూడా ఆవిడకు అంకెలు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఐదు దాకా మామూలే. ఆరుకు వేరే మాట లేదు, ఐదూ-ఒకటి అంటారు. ఏడు ఐదూ-రెండు. రామతులసి వేళ్లు మడిచి లెక్కపెడుతుంటే ఆవిడ టమాటాలు తూచడం ఆపి చూసేది.

అక్షరాల సంగతి శశిభూషణ్ గారిని నిద్రపోనివ్వలేదు. ఖ్మేర్ అక్షరం నెత్తిన చిన్న వంపు ఉంటుంది. దాన్ని వాళ్లు జుట్టు అంటారు. మనం తలకట్టు అంటాం. మన ఒత్తుల్లాగే వాళ్లూ రెండో హల్లును కింద రాస్తారు, దాన్ని కాలు అంటారు. ఇవి రాయగానే ఆయన దగ్గర్నుంచి పదకొండు ప్రశ్నలు వచ్చాయి. బడి గోడ మీద క్యాలెండరు ఫోటో పంపాక ఇంకా ఎక్కువయ్యాయి. అక్కడ జనవరి పేరు మకరా. ఫిబ్రవరి కుంభం, మార్చి మీనం, ఏప్రిల్ మేషం. పన్నెండు ఇంగ్లీషు నెలలకూ రాశుల పేర్లే. ఆదివారం ఆదిత్యుడిది, సోమవారం చంద్రుడిది, బుధవారం బుధుడిదే. మరి వాళ్లకు అధికమాసం ఉందా, ఏ నెలలో వస్తుంది, ఎవరు నిర్ణయిస్తారు అని ఆయన అడిగాడు.

సొఖాకు తెలియదు. ఆవిడను సైకిలు మీద బౌద్ధ విహారానికి తీసుకెళ్లాడు. అక్కడ పూజలు నడిపించే పెద్దాయన ఉన్నాడు, ఆయన్ని ఆచార్ అంటారు. ఆచార్ ఒక పాత క్యాలెండరు తెచ్చి వేలితో చూపిస్తూ చెబితే సొఖా ఇంగ్లీషులోకి మార్చాడు. అధికమాసం ఉంది. అయితే అది ఎప్పుడొచ్చినా ఆషాఢమే రెండుసార్లు వస్తుంది, ఇంకే నెలా రాదు. ఇది విని శశిభూషణ్ గారు ఫోనే చేశాడు.

"ఎప్పుడూ ఆషాఢమేనా అమ్మా? మనకి ఏ నెలైనా రావచ్చు కదా. మరి సంక్రమణం చూడరా వాళ్లు?"

"ఏమోనండి. ఆయన్ని అడిగితే, ఒక్క నెలే ఉంటే గుర్తుపెట్టుకోడం సులువు కదా అన్నారు."

అటువైపు పంచాంగం తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన, అదీ నిజమేనమ్మా అన్నాడు.

ఇక ఆవిడ వచ్చిన పని. ఏడు, ఎనిమిది తరగతులు ఆవిడవి. పిల్లలు చురుకైనవాళ్లు, భయం లేదు. కాని వాళ్లు ఏం మాట్లాడుతున్నారో ఆవిడకు మొదటి వారం అర్థం కాలేదు. చంత్రియా అనే పదమూడేళ్ల అమ్మాయి లేచి, నేను రోజూ రై తింటాను అంది. మా హౌ నది దగ్గర ఉంది అంది. మా నాన్న ఫై గంటలకు లేస్తాడు అంది. రెండు రోజులు విన్నాక తెలిసింది. రైస్, హౌస్, ఫైవ్. ఖ్మేర్‌లో మాటల చివర స లాంటి చప్పుళ్లు పలకరు. పిల్లలు చివరి హల్లును మింగేస్తున్నారు.

రామతులసికి నవ్వొచ్చింది. కొవ్వూరులో ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేసిన యుద్ధం సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ పిల్లలు ప్రతి మాట చివరా ఒక ఉకారం తగిలిస్తారు. బస్సు, బుక్కు, డెస్కు, రైసు. ఆ ఉకారం కత్తిరించడానికే ఆవిడ గొంతు అరిగింది. ఇక్కడ చివర అసలేమీ లేదు.

నాలుక ఎక్కడ పెట్టాలో చూపించింది, అద్దం తెచ్చింది, బోర్డు మీద గీసింది. ఏదీ పనిచేయలేదు. ఒక రోజు విసుగొచ్చి తెలుగులో అన్నట్టే, "రైసు అనండి," అంది. నలభై గొంతులు శుభ్రంగా రైసు అన్నాయి. మాట మధ్యలో స వస్తే పలకడం వాళ్లకు కష్టం కాదు. చివర వస్తేనే కష్టం. ఉకారం పెడితే స మధ్యలోకి వెళ్లిపోయింది. ఆవిడ కాసేపు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముందు ఉకారంతో పలికించాలి, తర్వాత ఉకారాన్ని రోజూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. అలా అయితే స మిగులుతుంది. ఇన్నాళ్లు తప్పని కొట్టేసినదాన్నే నిచ్చెనగా వేసింది. పిల్లలకు అది ఆట అయింది. ఊళ్లో దారి పొడుగునా బస్సు, హౌసు, ఫైవు అని అరుచుకుంటూ పోయేవాళ్లు.

మార్చిలో బొఫా బడి చూడటానికి వచ్చింది. క్లాసు వెనక కూర్చుని అంతా విన్నది. అయ్యాక రామతులసిని చెట్టు కిందికి తీసుకెళ్లింది. మొహంలో చిరాకు దాచుకోలేదు.

"మీరు ఒక తప్పు పోగొట్టడానికి ఇంకో తప్పు నేర్పుతున్నారు," అంది.

రామతులసి తన లెక్క చెప్పింది. ఇది తాత్కాలికమే, జూన్‌లోపు ఉకారం తీసేస్తానంది.

"తీసేస్తానని మీకు తెలుసు. పిల్లలకు తెలుసా? మీరు వెళ్లిపోయాక వచ్చే టీచరుకు తెలుసా? నాకు ఇంగ్లీషు నేర్పినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో దేశం వాళ్లు. ఒకరు నేర్పింది ఇంకొకరు తప్పు అనేవాళ్లు. నేను పదిహేనేళ్లకు గాని నోరు విప్పలేదు."

 ఆ రాత్రి భోజనాల దగ్గర రామతులసి అన్నం కెలుకుతూ కూర్చుంది. యేయ్ ఏమైందని సైగ చేసి అడిగితే, పళ్లెంలో అన్నం మెతుకు చూపించి రై అంది, తర్వాత రైసు అంది. యేయ్‌కి ఏమీ అర్థం కాలేదు. ఆవిడా రైసు అంది.

రామతులసి తన పద్ధతి మానలేదు, అలాగని బొఫా మాట పక్కన పెట్టలేదు. కొత్తగా ఎవరికీ ఉకారం నేర్పలేదు. నేర్చినవాళ్ల నోటినుంచి దాన్ని తీయడమే పనిగా పెట్టుకుంది. సైకిలు ట్యూబుకు పంక్చరు అయినప్పుడు గాలి పోయే చప్పుడు చేయమంది. స్ అని ఊపిరి అయిపోయేదాకా పట్టమంది. తర్వాత ఆ చప్పుడు మాట చివర అతికించమంది. చంత్రియాకు వారంలో వచ్చేసింది. హౌస్ అని చెప్పి, ఆ స్ ఎంత పొడుగు లాగిందంటే క్లాసంతా నవ్వింది. ఏప్రిల్ నడుమ ఖ్మేర్ కొత్త సంవత్సరానికి సెలవులిచ్చారు. వీధుల్లో పిల్లలు ఆవిడ మీద నీళ్లు కుమ్మరించి, మొహానికి పౌడరు పూసి, "హ్యాపీ న్యూ ఇయర్ నేక్ క్రూ," అన్నారు. అప్పటికి సగం మంది నోటి నుంచి ఉకారం పోయింది.

విసాల్ అనే అబ్బాయికి మాత్రం పోలేదు. తెలివైనవాడు, గ్రామరు బాగా చేస్తాడు, కాని వాడి రైసు రైసే. ఆవిడ ఎన్ని విధాల ప్రయత్నించినా వాడు చివర ఉకారం అనకపోతే ఏదో వదిలేసినట్టు ఇబ్బంది పడేవాడు. వాడితో పాటు ఇంకో ఐదారుగురు ఉన్నారు. అచ్చం కొవ్వూరు పిల్లల్లా మాట్లాడేవాళ్లు. తను వాళ్లకు చేసింది మేలా కీడా అని ఆవిడ చాలాసార్లు ఆలోచించింది.

జూన్‌లో బొఫా మళ్లీ వచ్చింది. ఈసారి సంస్థకు సాయం చేసే ఇద్దరిని తీసుకొచ్చింది, భార్యాభర్తలు, చాలా దూరం నుంచి వచ్చినవాళ్లు. పిల్లలు లేచి తమ ఇంటి గురించి చెప్పారు. చంత్రియా చెప్పింది, బాగుంది. విసాల్ లేచాడు. మా హౌసు నది పక్కన ఉంది, వరద వస్తే బోటులో వస్తాం, మా డాగు కూడా బోటు ఎక్కుతుంది అన్నాడు. ఆ భర్త వంగి కుక్క పేరేమిటని అడిగాడు, ఎక్కనంటే ఏం చేస్తారని అడిగాడు. విసాల్ నాలుగు వాక్యాలు చెప్పాడు. ఆయనకు ప్రతి మాటా అర్థమైంది, నవ్వాడు. ఉకారం సంగతి ఆయన పట్టించుకున్నట్టే లేదు.

వాళ్లు వెళ్లాక బొఫా రామతులసి పక్కన కూర్చుంది. వేరే బడుల్లో మాత్రం ఈ పద్ధతి పెట్టనని ముందే చెప్పేసింది. పెట్టవద్దని రామతులసి కూడా అంది. అయితే ఒక సంగతి అడుగుతాను అంది బొఫా. విసాల్ గత ఏడాది ఇలాంటి వాళ్ల ముందు నిలబడితే ఒక్క ముక్కా అర్థం కాక వాళ్లు చప్పట్లు కొట్టి కూర్చోమన్నారట. ఆ రోజు నుంచి వాడు లేవడం మానేశాడట. ఈసారి తనంతట తను ఎందుకు లేచాడు? రామతులసి తెలియదంది. ఇద్దరూ దాని మీద సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. తేల్చుకోలేదు గాని, వెళ్లేటప్పుడు బొఫా ఆ ట్యూబు చప్పుడు ఎలా చేయించాలో ఫోన్లో వీడియో తీసుకుంది.

బయలుదేరే రోజు యేయ్ ఒక తాటిబెల్లం మూట కట్టి ఇచ్చింది. సొఖా అప్పాజీకి ఇమ్మని చెప్పి తన పొలంలో వరి విత్తనం ఇవ్వబోతే, అది విమానంలో తేకూడదని ఆవిడ చెప్పాల్సి వచ్చింది. ఆయన కంకి ఫోటో తీసి పంపాడు. అప్పాజీ దాన్ని పెద్దది చేసి గింజ పొడుగు చూశాడు.

జూలైలో రామతులసి మళ్లీ కొవ్వూరు బడిలో చేరింది. కరస్పాండెంటు గారు అసెంబ్లీలో విదేశీ అనుభవాల గురించి ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. ఆవిడ చిన్న చిన్న వాక్యాలతో నెమ్మదిగా మాట్లాడింది. స్టైలు ఏమీ రాలేదేంటి అని పిల్లలు గుసగుసలాడుకున్నారు. శశిభూషణ్ గారు ఒక్కడే ముందు వరసలో కుర్చీ వేయించుకుని విన్నాడు.

నెలాఖరున ఆవిడ ఏడో తరగతికి ఒక పీరియడ్ ఫోను పెట్టి, అక్కడి తరగతితో మాట్లాడించింది. కొవ్వూరు పిల్లలు బాగా తయారై వచ్చారు. మై నేమ్, మై స్కూల్, మై ఏమ్ అని బట్టీపట్టి వరసగా నిలబడ్డారు. మొదటి ఇద్దరూ గడగడా చెప్పేశారు. అటువైపు వాళ్లు ఓపిగ్గా విన్నారు. తర్వాత చంత్రియా, మీరు పొద్దున్న ఏం తిన్నారు అని అడిగింది.

 ఈ ప్రశ్న ఎవరూ బట్టీపట్టలేదు. పిల్లలు రామతులసి వైపు చూశారు, ఆవిడ కిటికీ వైపు చూసింది. చివరి వరస నుంచి ఒక పిల్ల ఇడ్లీ అంది. ఇడ్లీ అంటే ఏంటని అటునుంచి వచ్చింది. తెల్లగా ఉంటుందని ఒకడు, గుండ్రంగా ఉంటుందని ఒకడు, ఆవిరి అనే మాట తెలియక చేతులతో పొగలా ఊపి ఒకడు, అందరూ ఫోను మీదికి వంగారు. అటువైపు వాళ్లు అన్నం మీద చేప అన్నారు. ఆ చేప ఎవరు పట్టారు? మా అన్నయ్య. మీకు గేదె ఉందా? ఉంది, రెండు. ఒకదానికి కోపం ఎక్కువ. ఎందుకు కోపం?

అది కొవ్వూరు పిల్లాడికి తెలియదు. ఇంటికెళ్లి మా నాన్నని అడిగి చెప్తానన్నాడు. అక్కడ వాన పడుతున్నట్టుంది, రేకుల మీద చప్పుడులో సగం మాటలు కొట్టుకుపోతున్నాయి. అయినా అరుచుకుంటూనే ఉన్నారు. గంట కొట్టారు. తర్వాత పీరియడ్ లెక్కల మాస్టారు లోకనాథ్ గారిది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏంటండి ఇది అని అడిగితే రామతులసి చెప్పింది. ఆయన కాసేపు విని, లోపలికి వచ్చి, చివరి బెంచీలో పిల్లల్ని జరగమని కూర్చున్నాడు. అక్కడ వరి ఎప్పుడు నాటుతారో అడగమని పక్కవాడికి మెల్లగా చెప్పాడు.